ఉరుమని చెప్పండి పిల్లలకు!

ఉగ్రవాదుల చెర నుంచి ఊరిని విడిపించాలి. ఆ ఊళ్లోనే పది లక్షలకు పైగా జనం ఉన్నారు. తుపాకి ఎటు తిప్పినా ఓ ఇల్లు, ఇంట్లో పిల్లలు. ఇలాంటప్పుడు యుద్ధం ఎలా చేయాలి? ఇరాక్‌లోని మోసుల్ నగరం తొమ్మిది నెలలపాటు ఈ ప్రశ్న మధ్యే బతికింది.

ఆకాశం నుంచి కాగితాలు రాలాయి.

అది 2016 అక్టోబరు. ఇరాక్‌లో పెద్ద నగరాల్లో ఒకటైన మోసుల్, ఐసిస్ ఉగ్రవాదుల గుప్పిట్లోకి వెళ్లి అప్పటికి రెండేళ్లు దాటింది. దాన్ని విడిపించడానికి సైన్యం బయల్దేరింది. సైన్యం కన్నా ముందు కరపత్రాలు వచ్చాయి. విమానాలు వాటిని వేల సంఖ్యలో ఊరి మీద జారవిడిచాయి. ఇళ్లు వదిలి రావద్దని జనానికి చెప్పారు. సైనికులు కనిపిస్తే కనీసం ఇరవై అయిదు మీటర్ల దూరంలో ఉండమన్నారు. ఒక్కసారిగా కదలొద్దన్నారు. ఆడవాళ్లు కేకలు పెట్టొద్దన్నారు, పిల్లలు బెదిరిపోతారని.

ఇంకో మాట కూడా ఉంది. బాంబుల మోత వినిపిస్తే అది ఆటేననో, వానకు ముందు వచ్చే ఉరుమేననో పిల్లలకు చెప్పమన్నారు.

ఆ కాగితం అందుకున్న తల్లిని ఒక్కసారి తలచుకోండి. బియ్యం డబ్బా ఎంతవరకూ వస్తుందో చూసుకుని, తొట్లన్నీ నీళ్లతో నింపి, పిల్లల్ని ఇంట్లో మధ్య గదిలోకి చేర్చి... 'ఉరుమేలే, పడుకో' అని వీపు మీద జోకొట్టడం. అంతకుమించి ఆమె చేతిలో ఏముంది?

మోసుల్ వాసులు చెప్పిన మాట విన్నారు. ఎక్కువమంది ఇళ్లలోనే ఉండిపోయారు. అసలు కథ అక్కడ మొదలైంది.

పేరులేని చరిత్రకారుడు

ఒమర్ మహమ్మద్ మోసుల్ వాడే. చరిత్ర చదువుకున్నాడు, మోసుల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 2014 జూన్ 10న ఐసిస్ ఊరిని ఆక్రమించినప్పుడు అతని వయసు ముప్ఫయ్యేళ్ల లోపే. కొద్దిరోజులకే అంటే జులై 4న, పాతబస్తీలోని అల్ నూరి మసీదులో ఐసిస్ నాయకుడు అబూ బకర్ అల్ బాగ్దాదీ నిలబడి ప్రసంగించాడు. ఆ తర్వాత ఊళ్లో సిగరెట్ తాగితే శిక్ష, పాట వింటే శిక్ష, గడ్డం గీసుకుంటే శిక్ష. నడివీధిలో తలలు తెగిపడుతుంటే జనం నిలబడి చూడాలి.

ఒమర్ అవన్నీ చూశాడు. రాత్రి ఇంటికొచ్చి తాను చూసింది, విన్నది 'మోసుల్ ఐ' అనే పేరుతో రాసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. రాసేది ఎవరో ప్రపంచానికి తెలియదు. ఒకే ఇంట్లో ఉంటున్న సొంత మనుషులకీ చెప్పలేదు. దొరికితే తనతోపాటు ఇంటిల్లిపాదీ పోతారు. ఎవర్నీ నమ్మకూడదు, అన్నిటినీ రాసిపెట్టాలి... ఇదీ అతను పెట్టుకున్న నియమం. 2015 చివర్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దేశం దాటాడు. అమ్మా, తోబుట్టువులూ ఊళ్లోనే ఉండిపోయారు.

ఊరికి విముక్తి కావాలని అతనికన్నా ఎక్కువగా కోరుకున్నవాళ్లు ఎవరుంటారు? 2016 అక్టోబరు 17 తెల్లవారుజామున అప్పటి ప్రధాని హైదర్ అల్ అబాదీ యుద్ధం మొదలైందని ప్రకటించాడు. పరాయిదేశంలో కూర్చుని ఒమర్ ప్రతి వీధి వార్తా వెతుక్కున్నాడు. ఆ డిసెంబరులోనే అతని ఇంటి వార్త వచ్చింది. మోర్టారు గుండు పడి అన్న చనిపోయాడు. ఆ అన్నకు నలుగురు ఆడపిల్లలు.

ఊరు విడుదలవుతోంది. ఆ నలుగురు పిల్లలకు మాత్రం నాన్న లేడు. మోసుల్‌లో ఇలాంటి ఇళ్లు వేలల్లో ఉన్నాయి.

ఉంటే ఒక చావు, వెళ్తే ఒక చావు

టైగ్రిస్ నది మోసుల్‌ను రెండు ముక్కలు చేస్తుంది. తూర్పు వైపు వీధులు కాస్త విశాలం. 2017 జనవరికల్లా ఆ వైపు సైన్యం చేతికొచ్చింది. ఫిబ్రవరి 19న పడమటి వైపు పోరు మొదలైంది. అప్పటికి అక్కడ ఏడున్నర లక్షల మంది ఉన్నారని ఐక్యరాజ్యసమితి అంచనా. పడమటి ఒడ్డునే పాతబస్తీ కూడా. మన హైదరాబాద్ పాతబస్తీ సందులు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇంటి గోడకు ఇంటి గోడ ఆనుకుని, కారు కూడా దూరని గల్లీలు. అక్కడ యుద్ధట్యాంకులు ఎలా తిరుగుతాయి?

ఉగ్రవాదులకు కావలసిందీ అదే. సైన్యం వస్తున్న కొద్దీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనాన్ని తోలుకొచ్చి తమ మధ్యలో పెట్టుకున్నారు. ఇళ్ల మధ్య గోడలకు కన్నాలు పెట్టి ఒక ఇంట్లోంచి మరో ఇంట్లోకి తిరిగారు. కింద జనాన్ని ఉంచి పైన మిద్దె మీద తుపాకులు పట్టుకుని కూర్చున్నారు. పారిపోదామని చూసినవాళ్లను కాల్చేశారు. 2017 జూన్ 1న పడమటి మోసుల్‌లో అలా పారిపోతున్నవాళ్లలో కనీసం 163 మందిని చంపేశారని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల విభాగం ప్రకటించింది.

విచిత్రమేమంటే, అంతకు కొద్దిరోజుల ముందే మళ్లీ కరపత్రాలు రాలాయి. ఈసారి వాటిలోని మాట వేరు... ఇళ్లు వదిలి వెంటనే వచ్చేయండి అని! ఏడు నెలల కిందట 'కదలొద్దు' అన్న ఆకాశమే ఇప్పుడు 'కదలండి' అంది. వచ్చేదారిలో తుపాకులు ఉన్నాయి. ఉండిపోతే మీద బాంబులు ఉన్నాయి. చంటిపిల్లను చంకనేసుకున్న ఓ తండ్రి ఏ కాగితాన్ని నమ్మాలి?

ఇద్దరి కోసం ఒక బాంబు

2017 మార్చి 17. పడమటి మోసుల్‌లోని అల్ జదీదా ప్రాంతం. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఓ పెద్ద ఇంట్లోకి చేరారు. గట్టి కట్టడం కదా, నాలుగు గోడలూ కాపాడతాయని నమ్మకం. ఆ ఇంటి మీద ఇద్దరు ఐసిస్ ముష్కరులు తుపాకులతో పొంచి ఉన్నారు. ఇరాక్ సైనికులు గాలిదాడి కోరారు. అమెరికా విమానం అయిదొందల పౌండ్ల బాంబు వేసింది. అంటే రెండు క్వింటాళ్లకు పైనే బరువు.

ఇల్లు కూలిపోయింది. అమెరికా సైన్యం విచారణ జరిపి మే నెలలో వెల్లడించిన లెక్క ప్రకారమే 105 మంది సామాన్యులు చనిపోయారు. ఆ ఇంట్లో ఉగ్రవాదులు ముందే పేలుడు పదార్థాలు దాచారని, అందుకే అంత నష్టమని సైన్యం చెప్పింది. అలాంటివేమీ లేవని ప్రాణాలతో బయటపడినవాళ్లు, పొరుగువాళ్లు అన్నారు. ఈ వాదన ఎలా ఉన్నా, ఆ విచారణలోనే మరో సంగతి బయటపడింది. దాడికి ముందు రెండు రోజులు వాతావరణం బాగోలేక పైనుంచి నిఘా పెట్టడం కుదరలేదు. ఆ ఇంట్లో అంతమంది ఉన్నారన్నది దాడి చేసినవాళ్లకు తెలియదు.

తెలియదు. నూట అయిదు ప్రాణాల ముందు ఈ ఒక్కమాట ఎంత చిన్నది!

తెలియనప్పుడు ఏం చేయాలన్నది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. 1949 జెనీవా ఒప్పందాలు, వాటికి 1977లో చేర్చిన నిబంధనలు స్పష్టంగానే చెబుతున్నాయి. మొదటిది, ఆయుధం పట్టినవాణ్నీ పట్టనివాణ్నీ వేరుచేసి చూడాలి. అనుమానం ఉంటే సామాన్యుడనే అనుకోవాలి. రెండోది, దాడి వల్ల దొరికే ఫలితం కన్నా జనానికి జరిగే నష్టం మరీ ఎక్కువైతే ఆ దాడి చేయకూడదు. మూడోది, దాడికి ముందు చేతనైన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి. చిన్న ఆయుధంతో పనయ్యేచోట పెద్దది వాడకూడదు. శత్రువు జనం వెనక నక్కాడు కాబట్టి ఈ నియమాలు చెల్లవంటే కుదరదు. అతను తప్పు చేసినా ఇటువైపు బాధ్యత అలాగే ఉంటుంది.

సైనికుడూ ఓ ఇంటి బిడ్డే

అయితే ఇదంతా చెప్పినంత తేలిక కాదు. ప్రతి ఇంటినీ బాంబుతో కూల్చకుండా తలుపు తట్టి, మెట్లెక్కి, గది గదీ వెతకాలంటే ఆ మెట్లెక్కే కుర్రాడి ప్రాణం పణంగా పెట్టాలి. తూర్పు మోసుల్‌లో ఆ పని ఎక్కువగా చేసింది 'గోల్డెన్ డివిజన్' అని పిలిచే ఉగ్రవాద వ్యతిరేక దళం. మలుపు మలుపులో బాంబులు నింపిన కార్లు వచ్చి మీద పడ్డాయి. ఈ యుద్ధంలో ఆ దళం నలభై శాతం మేర నష్టపోయిందని అమెరికా రక్షణశాఖ పత్రాలే పేర్కొన్నాయి.

వాళ్లకీ అమ్మానాన్నలున్నారు, వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు. తూర్పున అంతమందిని పోగొట్టుకున్నాక పడమటికి వచ్చేసరికి ఫిరంగులు, రాకెట్లు, విమానాల వాడకం పెరిగింది. సైనికుడి ప్రాణమా, ఇంట్లో ఉన్నవాళ్ల ప్రాణమా అన్న తూకంలో ముల్లు అటు మొగ్గింది. ఆ బాధను అర్థం చేసుకోవచ్చు. కానీ ఇంట్లో ఉన్నవాళ్లు అక్కడ ఎందుకున్నారు? ఉండమన్నారు కాబట్టి ఉన్నారు. ఆ మాట చెప్పిన ప్రభుత్వానికి వాళ్ల ప్రాణాల బాధ్యత మామూలు కన్నా మరింత ఎక్కువే కదా.

ఇలా చేస్తే బతుకుతారు

జనాన్ని కాపాడటం జరగని పనేం కాదు. మోసుల్‌లోనే దానికి రుజువుంది. యుద్ధం మొదట్లో గాయపడినవాళ్లను దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని ఎర్బిల్ నగరానికి తీసుకెళ్లాల్సి వచ్చేది. చెక్‌పోస్టులు దాటుకుని వెళ్లేసరికి చాలామంది దారిలోనే పోయేవారు. దెబ్బ తగిలిన తొలి గంటే ప్రాణానికి కీలకమని వైద్యులకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పూనుకుని పోరు జరిగేచోటికి దగ్గర్లోనే ప్రథమచికిత్స కేంద్రాలు పెట్టించింది. 2017 జనవరిలో మోసుల్‌కు తూర్పున బర్తెల్లా దగ్గర గుడారాల్లో శస్త్రచికిత్స ఆసుపత్రి వెలిసింది. ఈ ఏర్పాటు వల్ల సైనికులు, సామాన్యులు కలిపి 1,500 మందికి పైగా బతికి బయటపడ్డారని తర్వాత నిపుణులు అంచనా వేశారు.

బాంబు వేసే ముందు ఆగడం కూడా నేర్చుకోవచ్చు. ఆ పాఠం సోమాలియా రాజధాని మొగదిషులో దొరికింది. 2010 ప్రాంతంలో అక్కడ అల్ షబాబ్ ఉగ్రవాదులు సంతల మధ్య నుంచి, ఇళ్ల మధ్య నుంచి మోర్టార్లు పేల్చేవారు. ఆఫ్రికా యూనియన్ బలగాలు అటే తిరిగి పేల్చేవి. ఉగ్రవాదులు ఎప్పుడో జారుకునేవారు, గుండ్లు కూరగాయలు కొనుక్కునేవాళ్ల మీద పడేవి. జనం కోపమంతా తమను కాపాడటానికి వచ్చినవాళ్ల మీదికే మళ్లింది. ఇలాగైతే ఎన్నటికీ గెలవలేమని ఆ బలగాల పెద్దలకు అర్థమైంది. 2011లో కొత్త విధానం తెచ్చారు. కంటికి కనిపించని గురి మీద ఫిరంగులు పేల్చడానికి హద్దులు పెట్టారు. అసలు పేల్చకూడని చోట్లను గుర్తించారు. తర్వాత తమ వల్ల జనానికి జరిగిన నష్టాన్ని నమోదు చేసే విభాగాన్నీ పెట్టుకున్నారు.

జనావాసాల్లో భారీ పేలుడు ఆయుధాల వాడకాన్ని తగ్గించుకుంటామంటూ 2022 నవంబరు 18న డబ్లిన్‌లో ఎనభైకి పైగా దేశాలు ఒక ప్రకటనకు మద్దతు పలికాయి. చట్టంలా కట్టిపడేసేది కాదది. కానీ మోసుల్ లాంటి ఊళ్లు నేర్పిన పాఠం కాగితం మీదికైనా ఎక్కింది.

లెక్కలో లేనివాళ్లు

2017 జూన్ 21న ఐసిస్ ముష్కరులు అల్ నూరి మసీదునూ, వందల ఏళ్లుగా కాస్త ఒరిగి నిలబడిన దాని మినారునూ పేల్చేశారు. జులై 10న ప్రధాని అబాదీ విజయం ప్రకటించాడు. వీధుల్లో జెండాలు ఊపారు. అప్పటికి ఊళ్లో దాదాపు 80 లక్షల టన్నుల శిథిలాలు పోగుపడ్డాయి. టైగ్రిస్ మీద ఉన్న అయిదు వంతెనలూ దెబ్బతిన్నాయి. సుమారు పది లక్షల మంది ఇళ్లు వదిలిపోయారు.

మరి చనిపోయినవాళ్లు ఎంతమంది? ప్రధాని 1,260 మంది అన్నాడు. అమెరికా సంకీర్ణ దళాలు తమవల్ల పోయినవాళ్లు 326 మంది అన్నాయి. అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు శవాగారం జాబితాలు, శ్మశానాల లెక్కలు, స్వచ్ఛంద సంస్థల వివరాలు అన్నీ సరిచూశారు. 2017 డిసెంబరులో వాళ్లు తేల్చిన సంఖ్య 9,000 నుంచి 11,000. వాళ్లలో మూడోవంతు మంది సంకీర్ణ, ఇరాక్ బలగాల బాంబులకు, గుండ్లకు పోయారు. మరో మూడోవంతు ఐసిస్ చేతిలో పోయారు. మిగిలినవాళ్లు ఎవరి చేతిలో పోయారో తేలలేదు. శవాగారం జాబితాలో చాలా పేర్ల పక్కన మరణానికి కారణం ఒకే మాటగా ఉంది... 'నలిగిపోవడం'.

ఈ లెక్క ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. పోయినవాళ్లు తిరిగొస్తారా అనీ అంటారు. కానీ లెక్కలో పేరు లేకపోతే ఆ ఇంటికి పరిహారం లేదు, పొరపాటు ఎక్కడ జరిగిందో కనుక్కునే దారి లేదు. మరో ఊళ్లో మరో ఇంటి మీద అదే పొరపాటు మళ్లీ జరుగుతుంది.

పేరు తేలడం ఎంత ముఖ్యమో మనదేశంలో కొన్ని ఇళ్లకు బాగా తెలుసు. 2014 జూన్‌లో మోసుల్‌లో పనిచేస్తున్న 39 మంది భారతీయ కార్మికులను ఐసిస్ ఎత్తుకుపోయింది. ఎక్కువమంది పంజాబ్ వాళ్లు. గల్ఫ్ బాట పట్టిన మన కరీంనగర్, నిజామాబాద్ ఇళ్లలాంటి ఇళ్లే వాళ్లవీ. ఉన్నారో లేరో తెలియక నాలుగేళ్లు ఎదురుచూశారు. మోసుల్ విడుదలయ్యాకే, ఊరి బయట బాదుష్ దగ్గర సామూహిక సమాధి తవ్వి, డీఎన్‌ఏ పరీక్షలు చేశాక, 2018 మార్చి 20న నాటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ రాజ్యసభలో చెప్పారు... వాళ్లెవరూ బతికిలేరని. ఆ కబురు గుండెలు పిండేదే. అయినా ఓ కొడుకు అస్థికలు ఇంటికి చేరాయి.

గెలిచాక ఏం చేస్తారు?

యుద్ధం ముగిస్తే మానవహక్కుల ప్రశ్న ముగిసిపోదు. ఊళ్లోంచి బయటపడ్డ మగవాళ్లను ఆపి, ఐసిస్‌తో సంబంధం ఉందేమోనని పేర్లు సరిచూశారు. అది అవసరమే. కానీ అనుమానంతో పట్టుకున్నవాళ్లను చిత్రహింసలు పెట్టిన ఘటనలూ జరిగాయి. ఇరాక్‌కే చెందిన అలీ అర్కడీ అనే ఫొటోగ్రాఫరు, వీరుల కథ చెబుదామని ఓ ప్రత్యేక దళం వెంట వెళ్లాడు. వాళ్లు బందీలను హింసించడం కళ్లారా చూశాడు. ఆ ఫొటోలు 2017 మే నెలలో ప్రపంచానికి చూపించాడు. అందుకోసం భార్యాబిడ్డలతో దేశం వదిలిపోవాల్సి వచ్చింది.

ఐసిస్‌లో చేరినవాళ్ల భార్యలకు, పిల్లలకు గుర్తింపు పత్రాలు దొరకడం కష్టమైపోయింది. పత్రం లేనిదే బడిలేదు, రేషన్ లేదు. తండ్రి చేసినదానికి ఆరేళ్ల పిల్లాడు ఏం చేశాడు? న్యాయం అందరికీ ఒక్కటే అని చూపించకపోతే, ఉగ్రవాదులకు రేపు చెప్పుకోవడానికి ఓ కథ మిగులుతుంది.

మళ్లీ ఆ మినారు

2017 డిసెంబరులో ఒమర్ తన పేరు బయటపెట్టాడు. రాసింది తనేనని అమ్మకు కూడా చెప్పాడు. ఆమెకు ముందే అనుమానం ఉందట. కన్నతల్లి దగ్గర ఏం దాగుతుంది?

అంతకుముందే, ఇంకా పడమటి ఒడ్డున పోరు సాగుతుండగానే, 2017 ఏప్రిల్‌లో తూర్పు ఒడ్డున నబీ యూనుస్ శిథిలాల దగ్గర ఓ కచేరీ పెట్టించడంలో 'మోసుల్ ఐ' చేయి ఉంది. అమీన్ ముక్దాద్ అనే మోసుల్ కుర్రాడు వయొలిన్ వాయించాడు. ఐసిస్ అతని వాయిద్యాలు లాక్కుంటే ఊరు వదిలి పారిపోయినవాడు. దూరంగా బాంబుల మోత వినిపిస్తూనే ఉంది. జనం కూర్చుని పాట విన్నారు.

యునెస్కో ఆధ్వర్యంలో మసీదూ, మినారూ, పక్కనున్న చర్చిలూ మళ్లీ లేచాయి. శిథిలాల్లోంచి ఏరిన పాత ఇటుకల్నీ వాడి, మినారును మునుపటిలాగే కాస్త ఒరిగి ఉండేలా కట్టారు. 2025 సెప్టెంబరు 1న నాటి ప్రధాని మహమ్మద్ షియా అల్ సుడానీ దాన్ని ప్రారంభించారు. ఇటుక మీద ఇటుక పేర్చి మినారును నిలబెట్టవచ్చు. ఒమర్ అన్న కూతుళ్లకు నాన్నను తెచ్చివ్వడం ఎవరివల్లా కాదు.

ఆ రాత్రుల్లో ఉరుమని నమ్మి నిద్రపోయిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయి ఉంటారు. అది ఉరుము కాదని వాళ్లకు తెలిసే ఉంటుంది. ఉరుము ఎవరినీ అడిగి రాదు, ఎవరూ ఆపలేరు. బాంబు అలా కాదు. ఎక్కడ వేయాలో, ఎంత బరువుది వేయాలో, ఇంట్లో ఎవరున్నారో చూసుకున్నాక వేయాలో లేదో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం తీసుకునే మనిషి, లోపల ఓ తల్లి పిల్లాణ్ని జోకొడుతోందని ఒక్క క్షణం గుర్తుచేసుకోవాలి. మోసుల్ వాళ్లు తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంది ఆ నమ్మకంతోనే.